పాల్స్ కోర్సు రివ్యూ: కార్డు సంగతి తర్వాత, ఆ మొదటి అరనిమిషం చూపు కోసం వెళ్ళండి

పిల్లల వార్డులోనో క్యాజువాలిటీలోనో కొత్తగా చేరినవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది, పాల్స్ కోర్సు నిజంగా పనికొస్తుందా అక్కా, లేకపోతే ఫైల్లో పెట్టుకోడానికి ఒక కార్డేనా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా, కొంచెం పెద్దదే అవుద్ది, భరించండి. ముందే తీర్పు చెప్పేస్తా, 5కి 4 స్టార్లు. ఆ నాలుగు కూడా దాదాపు మొత్తం మొదటి పూట క్లాసుకే. తగ్గిన ఆ ఒక్క స్టార్ సంగతి కింద చెప్తా.

తెలియనివాళ్ళ కోసం, పాల్స్ అంటే పీడియాట్రిక్ అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళ కోర్సు, 1988 నుంచి నడుస్తోంది. డాక్టర్లకి, నర్సులకి, అంబులెన్స్ స్టాఫ్‌కి. కార్డు రెండేళ్ళు చెల్లుతుంది, రాతపరీక్షలో 84 శాతం రావాలి, అది కాక చేత్తో చేసి చూపించే టెస్టులు వేరే. ఇంట్లో చిన్నపిల్లలున్న అమ్మానాన్నలు దీనికి వెళ్ళి డబ్బు తగలేసుకోకండి, మందుల డోసులూ ఈసీజీలూ మీకు అక్కర్లేదు. గొంతులో ఏదన్నా అడ్డుపడితే ఏం చేయాలి, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి, ఊపిరివ్వడం) ఎలా చేయాలి అని నేర్పే చిన్న క్లాసులు వేరే ఉంటాయి, అవి మాత్రం తప్పకుండా చేయండి.

సరే అసలు విషయానికొస్తా. మా ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ వచ్చీ రాగానే పుస్తకం ముట్టుకోలేదు. ఒక వీడియో పెట్టి సౌండ్ తీసేసి, అరనిమిషం కాగానే ఆపేసి, "ఈ బిడ్డ బానే ఉందా, బాలేదా? పేరొద్దు, డయాగ్నోసిస్ వద్దు, బానే ఉందా లేదా అంతే చెప్పండి" అంది. చేతిలో స్టెత్ లేదు, పక్కన మానిటర్ లేదు. చూడాల్సినవి మూడే. బిడ్డ వాలకం ఎలా ఉంది, ఊపిరి కోసం ఎంత కష్టపడుతోంది, చర్మం రంగెలా ఉంది. దీన్నే పీడియాట్రిక్ అసెస్‌మెంట్ ట్రయాంగిల్ అంటారు. వాలకం అంటే ఒళ్ళు బిగువుగా ఉందా వేలాడిపోతోందా, అమ్మని గుర్తుపడుతోందా, ఎత్తుకుంటే ఊరుకుంటోందా, చూపు నిలుస్తోందా, ఏడుపు గట్టిగా ఉందా నీరసంగా ఉందా, ఇవన్నీ. బిడ్డని ముట్టుకోకుండా, గుమ్మం దగ్గర నుంచే.

ఒక వీడియో మాత్రం నాకు బాగా పట్టేసింది. ఆరేడు నెలల బిడ్డ, అమ్మ ఒళ్ళో ఉంది, ఏడవట్లేదు, పైకి చూస్తే నిద్రపోతున్నట్టే. క్లాసులో సగంమంది బానే ఉందన్నారు. మేడమ్ మళ్ళీ వేసి పొట్ట మీద పాయింటర్ పెట్టింది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీ లోపలికి పోతోంది, పొట్ట పైకి లేస్తోంది, ముక్కుపుటలు అదురుతున్నాయి, ఊపిరి వదిలేటప్పుడు తల కొద్దిగా ముందుకి ఊగుతోంది. ఆ తర్వాత సౌండ్ పెట్టింది, ప్రతి ఊపిరికీ చివర చిన్న మూలుగు. ఆ మూలుగు నొప్పికి కాదట, ఊపిరితిత్తుల్లో గాలిగదులు మూసుకుపోకుండా బిడ్డే గొంతు బిగించి గాలిని ఆపుకుంటోందట. ఇది వినిపిస్తే వెయిటింగ్‌లో కూర్చోబెట్టే కేసు కాదు, నేరుగా లోపలికి తీసుకెళ్ళడమే. ఏడుస్తూ, చేతులు విదిలిస్తూ, మన మాస్క్ లాగి పారేసే పిల్లాడిని చూసి మనం కంగారుపడతాం, పక్కన చప్పుడు లేకుండా పడుకున్న బిడ్డ దగ్గరికి లేటుగా వెళ్తాం. ఈ కోర్సు ఆ వరస తిరగేస్తుంది.

ఇది ఎందుకింత ముఖ్యం అంటే పెద్దాళ్ళలో గుండె ఒక్కసారిగా ఆగిపోవడం ఎక్కువ, పిల్లల్లో మామూలుగా అలా జరగదు. ముందు ఊపిరి చెడుద్ది, లేదా షాక్‌లోకి, అంటే ఒంటికి రక్తప్రసరణ చాలని స్థితిలోకి పోతారు, ఒంట్లో ఆక్సిజన్ తగ్గుద్ది, గుండె నెమ్మదిస్తుంది, అప్పుడు ఆగుద్ది. అంటే ఆగేలోపు మనకి టైం ఉంటుంది, కొన్నిసార్లు గంటలు కూడా. ఆగిపోయాక ఎంత బాగా సీపీఆర్ చేసినా ఫలితం అంతంతమాత్రమే, ఆగకముందు పట్టుకుంటేనే బిడ్డ మామూలుగా ఇంటికెళ్ళే ఛాన్స్ ఎక్కువ. అందుకే నా లెక్కలో ఈ కోర్సులో అసలు సరుకు ఆ గుమ్మం దగ్గర చూపే, గుండెకి కరెంటు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ కాదు.

తర్వాత ఊపిరి ఇబ్బందిని రెండుగా విడగొడతారు, డిస్ట్రెస్, ఫెయిల్యూర్. డిస్ట్రెస్ అంటే బిడ్డ కష్టపడుతోంది కానీ నెట్టుకొస్తోంది. ఫెయిల్యూర్ అంటే ఇక నెట్టుకురాలేకపోతోంది. ఇక్కడ డ్యూటీలో మనందరం పడే గుంట ఒకటుంది. నిమిషానికి 70 సార్లు ఊపిరి తీస్తున్న బిడ్డ గంట తర్వాత 30కి వచ్చింది, చార్టులో చూస్తే నార్మల్, "హమ్మయ్య ఆయాసం తగ్గింది" అని రాసేస్తాం. అదే బిడ్డ మగతగా ఉండి, పిలిస్తే సరిగ్గా చూడకుండా, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) కూడా పడిపోతుంటే అది తగ్గడం కాదు, అలిసిపోవడం. కాసేపట్లో ఊపిరే ఆగిపోవచ్చు. ఆస్తమా పిల్లల్లో కూడా ఇంతే, పిల్లికూతలు వినపడటం ఆగిపోతే సంతోషపడకుండా స్టెత్ పెట్టి గాలి అసలు లోపలికి వెళ్తోందా లేదా చూడాలి. నంబరు ఒక్కటే చూడొద్దు, నంబరూ వాలకం కలిపి చూడు అని మేడమ్ రోజంతా అంటూనే ఉంది, చివరికి మాకు విసుగొచ్చింది కానీ బుర్రలోకి ఎక్కింది.

షాక్ క్లాసు కూడా బాగుంది. మన దగ్గర అలవాటు ఏంటంటే బీపీ చూసి, బానే ఉంది కదా అని వదిలేయడం. పిల్లల్లో బీపీ చివరిదాకా మోసం చేస్తుంది, రక్తనాళాలు బిగించి, గుండె వేగం పెంచి, ఒళ్ళు బీపీని నిలబెట్టుకుంటూ వస్తుంది, అది పడేసరికి మనం చాలా లేటు. కాబట్టి ముందు చూడాల్సింది గుండె వేగం, చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయా, చర్మం మచ్చలు మచ్చలుగా ఉందా, ఒంటేలు ఎంతసేపైంది పోసి, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లు దాటుతోందా. బీపీ తక్కువ అని ఎప్పుడనాలి అంటే ఏడాది నుంచి పదేళ్ళ దాకా ఒక చిన్న లెక్కుంది, వయసుని రెండుతో హెచ్చవేసి 70 కలపడం. నాలుగేళ్ళ పిల్లాడికి 78, పై బీపీ అంతకన్నా తక్కువుంటే తక్కువ కిందే లెక్క. నెల దాటిన పసిబిడ్డకి ఏడాది దాకా 70, పదేళ్ళు దాటితే 90. ఈ లెక్క నేను ఐడీ కార్డు వెనక స్టిక్కర్ మీద రాసి అతికించుకున్నా, మా డ్యూటీ డాక్టర్ చూసి నవ్వి, తర్వాత ఆయనా అదే పని చేశాడు.

ఫ్లూయిడ్స్, అంటే సెలైన్ ఎక్కించే విషయంలో ఒక మెచ్చుకోలు. పాత సీనియర్లు షాక్ అనగానే కిలోకి 20 ఎంఎల్ చొప్పున పోసేయ్, మళ్ళీ పోసేయ్ అనేవాళ్ళు. ఇప్పుడు కిలోకి 10 నుంచి 20, పోశాక ఆగి మళ్ళీ బిడ్డని చూడు అంటారు. ఊపిరితిత్తుల్లో చిటపట శబ్దం వస్తోందా, కాలేయం కిందకి దిగిందా, ఊపిరి ఇంకా కష్టమైందా అని. గుండె జబ్బు వల్ల వచ్చిన షాక్ అయితే కిలోకి 5 నుంచి 10 మాత్రమే, అదీ నెమ్మదిగా. దీని వెనక కథ కూడా మేడమ్ చెప్పింది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో రక్తప్రసరణ దెబ్బతిన్న పిల్లల మీద ఫీస్ట్ అనే పెద్ద ట్రయల్ జరిగింది, 2011లో రిజల్ట్ వచ్చింది, గబగబా బోలస్, అంటే ఒకేసారి ఎక్కువ సెలైన్ ఎక్కించిన పిల్లల్లోనే మరణాలు ఎక్కువ తేలాయి. ఐసీయూ, వెంటిలేటర్ అందుబాటులో లేని చోట జరిగిన ట్రయల్ అది, అందుకని ఎక్కడైనా బోలస్ ఇవ్వకూడదని అర్థం కాదు, విరేచనాలతో ఎండిపోయి షాక్‌లో ఉన్న బిడ్డకి నీళ్ళే ప్రాణం. కానీ ఎక్కించి వెళ్ళిపోవడం కాకుండా ఎక్కించి పక్కనే నిలబడాలి అనేది అప్పుడు నాకు బాగా తలకెక్కింది. సూత్రం చెప్పి వదిలేయకుండా అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే టీచర్ దొరకడం అదృష్టం, అందరు ఇన్‌స్ట్రక్టర్లూ ఇలా ఉండరని వేరే బ్యాచ్ వాళ్ళు చెప్పారు.

చేత్తో చేసే పనికొస్తే, మాస్క్‌తో ఊపిరిచ్చే అంబు బ్యాగ్ దగ్గరే ఎక్కువసేపు గడపమని నా సలహా. ఇంట్యుబేషన్ (గొంతులోంచి ఊపిరి ట్యూబు వేయడం) అంటే అందరికీ మోజు, లారింగోస్కోప్ పట్టుకుని ఫొటోలు దిగుతారు, కానీ మాస్క్ సరిగ్గా పట్టుకుని గాలి ఇవ్వడం వస్తే చాలామంది పిల్లలకి అప్పటికి అదే సరిపోతుంది. బొటనవేలూ చూపుడువేలూ మాస్క్ మీద సీ ఆకారంలో, మిగతా మూడు వేళ్ళు దవడ ఎముక కింద. మా టేబుల్ దగ్గర ఒక సిస్టర్ ఎంత నొక్కినా బొమ్మ ఛాతీ లేవట్లేదు, బ్యాగ్ ఇంకా గట్టిగా నొక్కుతోంది. ఇన్‌స్ట్రక్టర్ వంగి చూసి, "సిస్టర్ గారూ, మీ చిటికెన వేలు ఎక్కడుందో చూస్కోండి" అన్నారు. చూస్తే ఎముక మీద లేదు, గడ్డం కింద మెత్తటి చోట గుచ్చుకుంటోంది, దాంతో నాలుక పైకి లేచి దారి మూసేస్తోంది. వేలు ఒక్క అంగుళం పక్కకి జరిపింది, భుజాల కింద చిన్న గుడ్డ మడత పెట్టింది, బ్యాగ్ కొంచెం నొక్కగానే ఛాతీ లేచింది. పసిపిల్లల తల వెనకభాగం పెద్దది కదా, పడుకోబెడితే మెడ ముందుకి వంగిపోతుంది, ఆ గుడ్డ అందుకే. ఇంకోటి, అందరం కంగారులో గబగబా నొక్కేస్తాం, పల్స్ ఉండి ఊపిరి లేని బిడ్డకి రెండు మూడు సెకన్లకి ఒకటి చాలు, ఛాతీ కనపడేలా లేస్తే చాలు, ఎక్కువైతే పొట్ట ఉబ్బి వాంతి అవుద్ది, గుండెకి తిరిగొచ్చే రక్తం కూడా తగ్గుద్ది.

సీపీఆర్ మీకు తెలిసిందే. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, ఛాతీ మందంలో మూడో వంతు లోతు, ఒక్కరుంటే 30 నొక్కులకి 2 ఊపిర్లు, ఇద్దరుంటే 15కి 2. గుండె కొట్టుకుంటున్నా సరే, ఆక్సిజన్ ఇచ్చి బ్యాగ్ నొక్కుతున్నా నిమిషానికి 60 కన్నా తక్కువుండి బిడ్డ వాలిపోయి ఉంటే, పల్స్ ఉంది కదా అని చూస్తూ కూర్చోకుండా కంప్రెషన్స్ (ఛాతీ నొక్కడం) మొదలెట్టాలి, ఈ పాయింట్ చాలామందికి కొత్త. పాత కార్డున్నవాళ్ళకి ఒక మాట, 2025 గైడ్‌లైన్స్‌లో పసిబిడ్డకి రెండు వేళ్ళతో నొక్కే పద్ధతి తీసేశారు, రెండు చేతులతో ఛాతీని చుట్టి బొటనవేళ్ళతో నొక్కడమో, ఒక అరచేతి మడమతో నొక్కడమో చేయాలి. పాత వీడియోలు చూసి ప్రాక్టీస్ చేసి వెళ్తే అక్కడ మళ్ళీ మార్చుకోవాల్సి వస్తుంది.

మందుల సెషన్‌లో అడ్రినలిన్ ఒక్కటి బాగా పట్టుకుంటే సగం వచ్చినట్టే. గుండె ఆగితే కిలోకి 0.01 ఎంజీ, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి. చిక్కంతా పలచన చేయడంలోనే ఉంది. ఆంప్యూల్‌లో ఒక ఎంఎల్‌కి ఒక ఎంజీ ఉంటుంది, దాన్ని పదింతలు పలచన చేసి 10 ఎంఎల్ చేసుకుంటే అప్పుడు కిలోకి 0.1 ఎంఎల్. పది కిలోల బిడ్డకి ఒక ఎంఎల్. అదే ఒక ఎంఎల్ పలచన చేయని దాంట్లోంచి లాగి లైన్లో (నరంలోకి) ఇస్తే పదింతల డోసు పోయినట్టు. అదే మందు అనాఫిలాక్సిస్‌లో (ప్రాణం మీదికొచ్చే అలెర్జీ) అయితే పలచన చేయకుండా తొడ బయటివైపు కండలోకి, కిలోకి 0.01 ఎంఎల్, లైన్ కోసం వెతుక్కుంటూ టైం పోగొట్టకూడదు. ఒకే మందు, రెండు దార్లు, రెండు రకాల గాఢత, అర్ధరాత్రి, ఎదురుగా తల్లి ఏడుస్తోంది, పొరపాటు జరగకపోతేనే ఆశ్చర్యం. మేడమ్ చేయించిన పని నాకు నచ్చింది. పలచన చేసిన సిరంజ్ మీద ప్లాస్టర్ ముక్క అంటించి పేరు, ఒక ఎంఎల్‌లో ఎంత ఉందో రాస్తేనే ఆ సిరంజ్ టేబుల్ దాటాలి, రాయకపోతే ఎంత కరెక్ట్ డోసైనా చెత్తబుట్టలోకే. లెక్కలంటే భయమున్నవాళ్ళకి బ్రోస్‌లో అనే రంగుల కొలత టేప్ చూపిస్తారు, ఎర్ర బాణం ఉన్న చివర తల దగ్గర పెట్టి, మడమ ఏ రంగు దగ్గరికి వచ్చిందో చూస్తే బరువు, డోసు, ట్యూబు సైజు అక్కడే రాసుంటాయి. మరీ సన్నగానో మరీ లావుగానో ఉన్న పిల్లలకి తేడా వస్తుంది, తూకం వేసే వీలుంటే తూకమే బెస్ట్.

లైన్ దొరకనప్పుడు ఎముకలోకి వేసే ఐఓ సూది కూడా చేయించారు, మోకాలి కింద లోపలివైపు చదునుగా ఉండే చోట, నిట్టనిలువుగా పెట్టి తిప్పుతూ నెడితే ఒక్కసారిగా పట్టు వదిలినట్టు అనిపిస్తుంది, అక్కడ ఆపేయాలి. రక్తం రాకపోయినా సూది కదలకుండా నిలబడి, సెలైన్ ఫ్లష్ వాపు రాకుండా పోతే లోపలున్నట్టే. గుండె ఆగిన బిడ్డకి చెయ్యీ కాలూ పొడుస్తూ నరం కోసం వెతుక్కునే బదులు ఇది ముందే వేసేయమంటారు. మొదట చెయ్యి వణుకుద్ది, రెండోసారి వణకదు.

ఇప్పుడు ఆ తగ్గిన స్టార్. రెండో పూటంతా రిథమ్స్ (ఈసీజీలో గుండె లయలు), మెగాకోడ్ (గుండె ఆగిన కేసుని టీమ్‌గా చేసి చూపించే పరీక్ష). ఎస్‌వీటీ (గుండె అతివేగంగా కొట్టుకోవడం), వీఎఫ్ (గుండె కొట్టుకోకుండా అదరడం), కరెంటు షాక్ కిలోకి 2 జౌల్స్, తర్వాత 4, ఎస్‌వీటీకి అడినోసిన్ మందు కిలోకి 0.1 ఎంజీ, తర్వాత 0.2, ఇదంతా కావాల్సిందే, కాదనట్లేదు. కానీ మేం వెళ్ళిన సెంటర్లో దీనికిచ్చిన టైంలో సగం కూడా ఫిట్స్‌కి ఇవ్వలేదు. వార్డులో మనం రోజూ చూసేది ఏంటి? ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్, ముక్కులో మిడజోలమ్ కొట్టాలా లైన్ వెతకాలా అన్న తర్జనభర్జన, షుగర్ చూడటం మర్చిపోవడం. షుగర్ గురించి ఒక్క స్లయిడ్, అదీ పరుగు. మగతగా ఉన్న ప్రతి బిడ్డకీ షుగర్ చూడాలి అనే ముక్క గోడ మీద రాసి పెట్టాల్సినంత పెద్దది, దాన్ని ఇలా దాటేస్తే నాకు ఒళ్ళు మండింది. పైగా పసిబిడ్డ బొమ్మ మొత్తం బ్యాచ్‌కి ఒక్కటే, లోతు చూపించే లైట్ వెలగట్లేదు, మీ వంతు వచ్చేసరికి భోజనాల టైం అయిపోద్ది. ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను, ఏమన్నా మార్చారో లేదో తెలీదు.

మెగాకోడ్‌లో ఇంకో చిక్కు. ఆరుగురు మనుషులుంటారు, లీడర్, కంప్రెషన్స్‌కి ఒకరు, బ్యాగ్‌కి ఒకరు, డీఫిబ్‌కి ఒకరు, మందులకి ఒకరు, టైం రాయడానికి ఒకరు. వినడానికి బాగుంది. నైట్ డ్యూటీలో మాకు ఉండేది నేను, ఇంకో సిస్టర్, కింద ఫ్లోర్‌లో డాక్టర్. "ఇద్దరమే ఉంటే ముందు ఏది వదిలేయాలి మేడమ్?" అని అడిగితే ఆవిడ సిలబస్ పక్కన పెట్టి చెప్పింది, ఒకరు బ్యాగ్, ఒకరు ఛాతీ, మూడో మనిషి వచ్చేదాకా మందు గురించి ఆలోచించకండి, పిలుపు మాత్రం మొదటి క్షణంలోనే వెళ్ళిపోవాలి అని. ఆ మాట నాకు మెగాకోడ్ మొత్తం కన్నా ఎక్కువ పనికొచ్చింది. ఒకటి మాత్రం మెగాకోడ్ నుంచే తెచ్చుకున్నా, లీడర్ చెప్పిన ఆర్డర్ తిరిగి చదవడం. "అడ్రినలిన్ ఒక ఎంఎల్, పలచన చేసింది, ఇస్తున్నా", ఇచ్చాక "ఇచ్చేశా, టైం రాయండి". మొదట్లో నాటకం వేస్తున్నట్టు సిగ్గుగా ఉండేది, ఇప్పుడు మా వార్డులో అందరికీ అలవాటైంది, పెద్ద డాక్టర్ గారికి కూడా తిరిగి చెప్తున్నాం, ఆయన ఏమీ అనుకోవట్లేదు.

మర్చిపోవడం సంగతి కూడా చెప్పాలి. కార్డు రెండేళ్ళు చెల్లుతుంది గానీ చేతులకి అంత జ్ఞాపకం ఉండదు, కొన్ని నెలలకే మాస్క్ పట్టు సడలిపోద్ది. మేం షిఫ్ట్ మారేటప్పుడు పాత బొమ్మ మీద కాసేపు బ్యాగ్ నొక్కడం, సిరంజ్ పలచన చేయడం చేస్తున్నాం, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

వెళ్ళేవాళ్ళకి, పుస్తకం ముందే తెప్పించుకుని కనీసం ఊపిరి, షాక్ చాప్టర్లు చదివి వెళ్ళండి, ప్రీటెస్ట్ ఇంటి దగ్గరే రాసుకుని 70 శాతం తెచ్చుకోవాలి, అక్కడికెళ్ళి చూద్దాంలే అనుకుంటే క్లాసులో బిక్కమొహం వేయాల్సిందే. ఈసీజీ రానివాళ్ళు ఆ నాలుగైదు రిథమ్స్ ముందే బట్టీ కొట్టేయండి. ఫీజు కట్టే ముందు సెంటర్‌కి ఫోన్ చేసి మూడు అడగండి, బ్యాచ్‌కి ఎంతమంది, పనిచేసే పసిబిడ్డ బొమ్మలు ఎన్ని, వీడియో కేసులు ఎంతసేపు చేయిస్తారు. మూడోదానికి "అదంతా ఆన్‌లైన్‌లో చూస్కోవచ్చండీ" అన్నారంటే ఇంకో సెంటర్ చూస్కోండి.

డౌట్లుంటే కింద అడగండి, డోసుల గురించి మాత్రం మీ వార్డు ప్రోటోకాల్ ఏముందో ముందు అది చూడండి. నైట్ డ్యూటీ వారంలో రిప్లై లేట్ అవుద్ది.